రంగం గొడవలకు పేరు చివర పెట్టండి: జాతి ఘర్షణను చదివి, రాసే పద్ధతి

ఉత్తరాంధ్రలో, గోదావరి జిల్లాల్లో పాత తరం నోట ‘రంగం’ అంటే బర్మా (ఇప్పటి మయన్మార్)లోని రంగూన్. కాకినాడ, విశాఖపట్నం, భీమిలి, కళింగపట్నం, బారువ రేవుల్లో స్టీమరెక్కి వేలకు వేలమంది అక్కడికి కూలికి పోయారు. ఆ వలస మీద కుటుంబ చరిత్ర రాసినా, పత్రికకు వ్యాసం రాసినా, విశ్వవిద్యాలయంలో పరిశోధన పత్రం రాసినా 1930 మే నెల దగ్గర ఆగాల్సిందే.

జరిగింది క్లుప్తంగా ఇది. రంగూన్ రేవులో ఓడలకు సరుకు ఎక్కించే, దించే పని అప్పటికి చాలావరకు తెలుగు కూలీలది. 1930 మేలో వాళ్ళు కూలి పెంచమని సమ్మె కట్టారు. సరుకు దింపుడు కాంట్రాక్టు కంపెనీలు వాళ్ళ బదులు బర్మా కూలీలను పెట్టుకున్నాయి. సమ్మె రాజీ కుదిరి మే 26 ఉదయం తెలుగువాళ్ళు పనిలోకి తిరిగొచ్చారు. బర్మావాళ్ళు కూడా ఎప్పటిలాగే పనికొచ్చారు. ఇక తమకు పని లేదన్న సంగతి వాళ్ళకు రేవులోనే తెలిసింది. అక్కడ మొదలైన కొట్లాట వీధుల్లోకి పాకింది. ఆ తర్వాతి రోజుల్లో నగరంలో తెలుగువాళ్ళను, ఇతర భారతీయులను వెతికి కొట్టారు, చంపారు. అధికారిక లెక్కలో మృతులు వందకు పైచిలుకు. వేలమంది ఇళ్ళు వదిలి తలదాచుకున్నారు. వాళ్ళు చేరిన చోట్లలో నగరంలోని పాత పిచ్చాసుపత్రి ఆవరణ ఒకటి.

దీన్ని ఏమనాలి? బర్మా–భారత అల్లర్లా, రేవు కూలీల కొట్లాటా, భారతీయ వ్యతిరేక దాడులా, మారణకాండా? రాయడం మొదలుపెట్టేవాళ్ళు చేసే మొదటి తప్పు ఇక్కడే జరుగుతుంది. పేరు ముందే ఎంచుకుని ఆధారాలను దాని కింద సర్దుతారు. ఈ విషయం మీద పనిచేసే పరిశోధకులు దీన్ని తిరగేస్తారు, పేరును చివరికి వాయిదా వేస్తారు. అప్పటిదాకా ‘మే 26 ఘటనలు’ అని పిలుచుకుంటే చాలు. కారణం ఏమిటంటే, ‘జాతి ఘర్షణ’ అనగానే నలుగురున్న గొడవ ఇద్దరి గొడవ అయిపోతుంది. పై పేరా మళ్ళీ చూడండి. అందులో తెలుగు కూలీలు, బర్మా కూలీలు, కంపెనీలు, కనబడీ కనబడకుండా ప్రభుత్వం ఉన్నాయి. వాళ్ళ మధ్య మేస్త్రీలు కూడా ఉన్నారు. జాతి పేరు పెట్టిన మరుక్షణం కంపెనీ గుమస్తా దృశ్యంలోంచి జారుకుంటాడు.

ముందు మూడు మాటలు తేల్చుకోండి

‘జాతి’ తెలుగులో చాలా బరువు మోసే మాట. ఆంధ్రజాతి అంటాం, భారతజాతి అంటాం, స్త్రీజాతి అంటాం, కొన్ని చోట్ల కులాన్నీ జాతే అంటాం. వ్యాసంలో మొదటిసారి వాడినప్పుడే అర్థం కట్టేయండి: ఇక్కడ జాతి అంటే భాష, పుట్టుక, మతం, రంగు వీటిలో దేన్ని పట్టుకుని ఎదుటివాణ్ణి ‘వేరేవాడు’ అన్నారో అది. రంగూన్‌లో ఆ గుర్తు ఏమిటన్నది మీరు కనిపెట్టాల్సిన విషయం, ముందే అనుకోవాల్సింది కాదు.

‘దొమ్మీ’ పోలీసు మాట. అప్పటి భారత శిక్షాస్మృతిలో దొమ్మీకి కనీసం ఐదుగురు గుమిగూడాలి, ఉమ్మడి ఉద్దేశం ఉండాలి, బలప్రయోగం జరగాలి. అప్పుడు బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రమే కాబట్టి అక్కడా ఇదే చట్టం. ఫైల్లో ‘దొమ్మీ’ కనబడితే అది ఒక అధికారి వేసిన సెక్షన్ మాత్రమేనని గుర్తుంచుకోండి.

మూడోది ‘కొరంగీ’. కాకినాడ దగ్గరున్న కోరంగి పాత రేవు. ఆ పేరు మీద బర్మాలో తెలుగు కూలీలందరినీ కొరంగీలన్నారు. గంజాం నుంచి పోయినవాడూ కొరంగీయే, కోరంగి మొహం చూడనివాడూ కొరంగీయే. అందులో చిన్నచూపు కూడా ఉంది. మూలంలో ఆ మాట ఉన్నచోట అలాగే కొటేషన్‌లో ఉంచండి, మీ సొంత వాక్యంలో ‘తెలుగు రేవు కూలీలు’ అనండి. కేటలాగులో వెతికేటప్పుడు మాత్రం ఈ మాటే మీకు తాళంచెవి. ఇంగ్లీషులో Coringhi, Coringhee, Coringi అని మూడు రకాలుగా రాశారు. తెలుగు అన్న మాటకు Telegu అని పాత స్పెల్లింగు వేరే ఉంది. ఒక్క స్పెల్లింగుతో వెతికి ‘ఏమీ దొరకలేదు’ అనేవాళ్ళే ఎక్కువ.

ఏడు గళ్ళ పట్టిక

చదవడం మొదలుపెట్టిన రోజే ఒక పట్టిక గీసుకోండి. గళ్ళు ఏడు: ఎప్పుడు (తేదీ, గంట), ఎక్కడ (వీధి పేరు దాకా), ఏం చేశారు (ఒక్క క్రియ), ఎవరు చేశారు, ఎవరికి జరిగింది, ఈ మాట ఎవరు చెప్పారు, ఎన్నాళ్ళకు చెప్పారు. ఒక్కో చర్యకు ఒక్కో వరుస. “గుంపు దుకాణాలు దోచి మనుషుల్ని కొట్టింది” అన్నది రెండు వరుసలు, ఎందుకంటే దోచినవాళ్ళూ కొట్టినవాళ్ళూ ఒకరే కావాలని లేదు. తెలియని గడి ఖాళీగా వదిలేయండి. ఊహతో నింపారా, రెండు వారాల తర్వాత ఏది ఊహో ఏది ఆధారమో మీకే తెలియదు.

ఎక్కువ తేడాలు ఏడో గడిలో బయటపడతాయి. ఉదాహరణకు మారిస్ కాలిస్ అప్పట్లో రంగూన్ జిల్లా మేజిస్ట్రేట్, కళ్ళారా చూసినవాడు. కానీ ఆయన జ్ఞాపకాల పుస్తకం అచ్చయింది 1938లో. మధ్యలో ఎనిమిదేళ్ళున్నాయి. గొడవకు రెండు నెలల ముందు, 1930 మార్చిలో, కలకత్తా మేయర్ సేన్‌గుప్తా మీద రంగూన్‌లో రాజద్రోహం కేసు విచారించింది కూడా ఆయనే. అది తన తీర్పుల గురించి తాను చెప్పుకున్న పుస్తకం. ప్రత్యక్షసాక్షి అన్న కారణంతో ఆ మాటను మే 26 నాటి మాటగా రాసుకోకూడదు. ‘చూసినవాడు, ఎనిమిదేళ్ళకు, తనను తాను వివరించుకుంటూ’ అని పట్టికలో రాసుకోవాలి.

తిరిగొచ్చిన తెలుగు కూలీలు బర్మావాళ్ళను ఎగతాళి చేశారనీ, దాంతో కొట్లాట మొదలైందనీ కొన్ని కథనాల్లో ఉంటుంది. అది నిజం కావచ్చు. అయినా ముందు అడగాల్సిన ప్రశ్నలున్నాయి: ఏ భాషలో ఎగతాళి చేశారు, ఎవరు విన్నారు, ఎవరు రాశారు? ‘వాడు నవ్వాడు కాబట్టి కొట్టారు’ అన్నది ఏ ఊరి గొడవలోనైనా మొదట పుట్టే కథ. ఆ కథతో కంపెనీ ముందురోజు బర్మా కూలీలకు కబురు ఎందుకు పంపలేదన్న ప్రశ్న పక్కకు పోతుంది.

ఎక్కడ మొదలుపెడతారో అదే సగం తీర్పు

ఒకే ఘటనకు నాలుగు మొదళ్ళు పెట్టి చూడండి. మే 26 ఉదయంతో మొదలుపెడితే ఇది మాటామాటా పెరిగిన కొట్లాట. సమ్మెతో మొదలుపెడితే కార్మిక వివాదం. మే 5తో మొదలుపెడితే కలవరపడిన నగరం, ఎందుకంటే ఆ ఒక్క రోజే గాంధీని అరెస్టు చేశారు, పెగూ భూకంపం వందలమందిని చంపింది, రంగూన్‌లో కూడా భవనాలు కూలి జనం చచ్చిపోయారు. వలస మొదలైన దశాబ్దాలతో మొదలుపెడితే వలస పాలన ఆర్థిక వ్యవస్థ. నాలుగు మొదళ్ళతో నాలుగు పేరాలు నిజంగానే రాసి చూడండి, ఒక్కోటి వంద మాటలు చాలు. ఏ పేరాలో ఎవరు దోషిగా కనబడుతున్నారో అంచున రాసుకోండి. ఆ తర్వాతే మీ మొదలు ఎంచుకోండి, ఎందుకు ఎంచుకున్నారో వ్యాసంలో ఒక వాక్యంలో చెప్పండి.

ముగింపు విషయంలోనూ ఇదే చిక్కు. 1942లో జపాన్ సేనలు రావడంతో లక్షలమంది భారతీయులు బర్మా వదిలి నడిచి వచ్చారు. ఆ నడక మన ఇళ్ళలో బలమైన జ్ఞాపకం. దాంతో 1930 ‘అప్పుడే మొదలైంది’ అన్నట్టు వినబడుతుంది. 1930లో రేవులో ఉన్నవాడికి 1942 తెలియదు. గొడవ సద్దుమణిగాక అక్కడే ఉండిపోయినవాళ్ళూ ఉన్నారు, వెళ్ళి తిరిగొచ్చినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకు రంగం అప్పటికీ బతుకుతెరువే.

తేదీలు పక్కపక్కన పెట్టకపోతే పడే గొయ్యి ఇంకొకటుంది. ‘ఆర్థికమాంద్యం వల్ల అల్లర్లు’ అని చాలామంది రాస్తారు. బర్మాలో ధాన్యం ధర కుప్పకూలింది 1930 చివర్లో, 1931 మొదట్లో. మే నెల నాటి రేవు గొడవకు ఆ పతనాన్ని కారణంగా చూపితే కార్యం ముందు, కారణం వెనుక అవుతుంది. మాంద్యం మాట 1930 డిసెంబరులో మొదలైన సాయా సాన్ తిరుగుబాటుకు, 1931లో పల్లెల్లో భారతీయుల మీద జరిగిన దాడులకు సరిపోతుంది. మే 26కు ఆ మాట వాడాలంటే అంతకుముందే కూలి, పని తగ్గాయని విడిగా చూపించాలి.

ఆధారాలు ఎక్కడుంటాయి, ఒక్కోటి ఎటు మొగ్గుతుంది

రాష్ట్ర ప్రభుత్వాలు ఢిల్లీ హోంశాఖకు పక్షానికో నివేదిక పంపేవి. మీకు కావలసింది బర్మా నుంచి 1930 మే రెండో పక్షానిది, జూన్ మొదటి పక్షానిది. న్యూఢిల్లీ జాతీయ అభిలేఖాగారంలో హోంశాఖ రాజకీయ విభాగం ఫైళ్ళు చూడండి, చాలావరకు ‘అభిలేఖ్ పటల్’ పోర్టల్లో దొరుకుతాయి. లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డులున్నాయి. ఈ కాగితాలన్నీ శాంతిభద్రతల భాషలో మాట్లాడతాయి. ‘ఎందుకు’ అన్నదానికంటే ‘ఎప్పటికి అదుపులోకి వచ్చింది’ అన్నదే వాటికి ముఖ్యం. అందువల్ల గంటలకూ వీధులకూ వీటిని నమ్మవచ్చు, ఉద్దేశాలకు నమ్మకూడదు.

తెలుగు పత్రికలు వదలకండి. ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రికల పాత సంచికలు ప్రెస్ అకాడమీ ఆర్కైవ్‌లో స్కాన్ రూపంలో ఉన్నాయి. వేటపాలెం సారస్వత నికేతనంలో, హైదరాబాద్ సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో కూడా వెతకాలి. రెండు హెచ్చరికలు. ఒకటి, 1930 ఏప్రిల్ చివర్లో ప్రెస్ ఆర్డినెన్స్ వచ్చింది, దాంతో దేశంలో చాలా పత్రికలు ఇబ్బందిపడ్డాయి, కొన్ని ఆగాయి. పత్రికలో వార్త లేకపోవడానికి ఘటన జరగకపోవడమొక్కటే కారణం కాదు, కాబట్టి ముందు ఆ పత్రిక ఆ వారం వచ్చిందో లేదో చూసుకోండి. రెండు, రంగూన్ వార్త మద్రాసు చేరేది తంతి ద్వారా. నాలుగు పత్రికల్లో ఒకే వార్త ఉంటే నాలుగు సాక్ష్యాలు అనుకోకండి. మాటలు ఒకేలా ఉంటే అది ఒకే తంతి.

జనాభా లెక్కలు చూసేటప్పుడు తేదీ మరవకండి. 1931 జనగణన ఫిబ్రవరి 24న జరిగింది, అంటే గొడవకు తొమ్మిది నెలల తర్వాత. రంగూన్ జనం నాలుగు లక్షల పైచిలుకు, అందులో సగానికి మించి భారతీయులు. అయితే ఇది వెళ్ళినవాళ్ళు వెళ్ళాక, తిరిగొచ్చినవాళ్ళు వచ్చాక వేసిన లెక్క. ‘గొడవ నాటికి ఇంతమంది తెలుగువాళ్ళు’ అని ఈ అంకెతో రాయలేరు. స్టీమర్ ప్రయాణికుల నెలవారీ రాకపోకల లెక్కలు దొరికితే పక్కన పెట్టి సరిచూడండి.

బర్మా భాషలోని ఆధారాలు మనలో చాలామంది చదవలేం. అది చదవగల వారి సాయం తీసుకోండి. తీసుకోలేకపోతే వ్యాసం మొదట్లోనే ఒప్పుకోండి: ‘బర్మీయుల మాట ఇంగ్లీషు అనువాదాల ద్వారానే నాకు అందింది’. ఇది మర్యాద కోసం చెప్పేది కాదు. దెబ్బతిన్నవాళ్ళ భాష మాత్రమే వచ్చినవాడు రాసింది, కొట్టినవాళ్ళ భాష మాత్రమే వచ్చినవాడు రాసింది వేరువేరుగా ఉంటాయి.

మృతుల లెక్క

ఒక్క అంకె రాయకండి. ‘ఎవరి లెక్క, ఏ రోజుదాకా, దేన్ని లెక్కపెట్టారు’ అన్న మూడూ లేని అంకెకు విలువ లేదు. ఆసుపత్రి లెక్కలో నదిలో కొట్టుకుపోయిన శవం ఉండదు. పోలీసు లెక్కలో తర్వాతి వారం గాయాలతో పోయినవాడు ఉండకపోవచ్చు. ఊళ్ళో చెప్పే లెక్కలో తిరిగి రానివాడు కూడా చనిపోయినవాడే, మరో ఊరికి పోయి బతికినా సరే.

రంగూన్ విషయంలో అధికారిక మృతులు వంద పైచిలుకు. తర్వాతి రాతల్లో అది రెండు వందలవుతుంది, ఇంటర్నెట్‌లో ‘అరగంటలో రెండు వందలు’ అని తిరుగుతుంది. పెద్ద అంకె అబద్ధమని కాదు, వలస పాలకుల లెక్కలు తక్కువ చూపడం మామూలే. కానీ పెద్ద అంకె వాడాలంటే అది మొదట ఎక్కడ కనబడిందో వెనక్కి నడిచి కనుక్కోవాలి. చరిత్రకారుడు జ్ఞానేంద్ర పాండే బనారస్ 1809 ఘర్షణ మీద చేసిన పని ఇందుకు మంచి నమూనా. ఆ ఘర్షణ గురించిన అధికారిక రాతలను ఆయన వరుసగా పేర్చి చూశారు. తొలి నివేదికల్లో పదుల్లో ఉన్న మృతులు శతాబ్దం తర్వాతి గెజిటీర్ నాటికి వందలయ్యారు, గొడవ మొదలైన చోటు కూడా మారిపోయింది. మీ ఘటనకూ ఇలాంటి వరుస ఒకటి వేయండి. ఎడమన సంవత్సరం, కుడిన అంకె, మధ్యలో ఎవరిని చూసి రాశారు. ఒక పేజీ చాలు. వ్యాసంలో అన్నిటికంటే ఎక్కువమంది గుర్తుపెట్టుకునేది ఈ పేజీయే కావచ్చు.

పండితుల చట్రాలు: ఒక్కోటి వేసి చూడటం

ఇక సిద్ధాంతాలు. ఇక్కడ చాలామంది ఒక పండితుణ్ణి ఎంచుకుని ఆయన భక్తులైపోతారు. చట్రాన్ని అద్దాల కొట్లో కళ్ళజోడులా చూడండి: పెట్టుకుని చూడాలి, ఏ అక్షరం స్పష్టమైందో, ఏది మసకబారిందో రాసుకోవాలి.

బర్మాలోనే ఉద్యోగం చేసిన ఫర్నివాల్ ‘బహుళ సమాజం’ అన్న మాట ఇచ్చారు. జాతులు బజారులో కలుస్తాయి గానీ బతుకులో కలవవు అన్నది దాని సారం. రంగూన్‌కు ఇది అతికినట్టుంటుంది. కానీ ఎప్పుడూ ఉన్న పరిస్థితి, సరిగ్గా మే 26నే ఎందుకు పేలిందో చెప్పలేదు.

ఎడ్నా బొనాచిచ్ 1972లో ప్రతిపాదించిన ‘చీలిన కూలి బజారు’ చట్రం రేవుకు దగ్గరగా వస్తుంది. ఒకే పనికి రెండు గుంపుల ఖరీదు వేరైతే, యజమాని చవకవాణ్ణి తెచ్చి ఖరీదైనవాణ్ణి దెబ్బతీస్తాడు. అప్పుడు ఖరీదైనవాడు యజమానిని వదిలి చవకవాడి మీద పడతాడు. చాలా దేశాల్లో వలస వచ్చినవాడే సమ్మె భంగపరిచేవాడు. రంగూన్‌లో అది తిరగబడింది: సమ్మె చేసింది వలసవాళ్ళు, బదులు వచ్చింది స్థానికులు, దెబ్బతిన్నది మళ్ళీ వలసవాళ్ళు. చట్రం సరిపోని ఈ చోటే మీ వ్యాసానికి సొంత విషయం. అక్కడ గీత గీసి నిలబడండి.

స్టాన్లీ తంబయ్య శ్రీలంకలో పుట్టిన మానవశాస్త్రవేత్త. దక్షిణాసియా అల్లర్ల మీద రాస్తూ రెండు కదలికలు చూపించారు. ఫలానా వీధిలో ఫలానావాళ్ళ తగవు తన పూర్వాపరాలు వదిలేసుకోవడం ఒకటి. అది ‘మన జాతికి జరిగిన అవమానం’ అన్న పెద్ద విషయంగా మారడం రెండోది. రేవులో పని పోయిన బర్మా కూలీకి కోపం ఉంది, అది అర్థమవుతుంది. రేవుతో సంబంధంలేని వీధిలో, రేవు మొహం చూడని మనిషి, రిక్షా లాగేవాణ్ణి ఎందుకు కొట్టాడు? ఆ మధ్య గంటల్లో ఏ మాట ఎలా మారిందో మీ పట్టికలో వెతకండి. అనేక దేశాల అల్లర్లను పోల్చిన డొనాల్డ్ హొరొవిట్జ్ రెచ్చగొట్టిన ఘటనకూ హత్యలకూ మధ్య ఒక నిశ్శబ్ద వ్యవధి కనబడుతుందంటారు. అది దొరికితే ఆ వ్యవధిలో ఎవరు ఎక్కడ కూడారు, ఏ వదంతి తిరిగిందన్నదే ప్రధాన ప్రశ్న.

వదంతిని నిజమా అబద్ధమా అని తేల్చి వదిలేయకండి. అది ఎవరి భయాన్ని ఏ రూపంలో చెబుతోందో చూడండి. 1990 డిసెంబరు హైదరాబాద్ అల్లర్ల మీద సుధీర్ కాకర్ చేసిన పని ఈ దారిలోదే. పాలల్లో, నీళ్ళలో విషం కలిపారన్న వదంతులను ఆయన మనస్తత్వ కోణంలో చదివారు. రాసేటప్పుడు మాత్రం వదంతిని దాని ఖండనతోపాటు ఒకే వాక్యంలో పెట్టండి. ఖండన తర్వాతి పేరాలో ఉంటే ఎవరో ఒకరు మొదటి వాక్యం మాత్రమే ఫొటో తీసి పంపుతారు.

పాల్ బ్రాస్ ఉత్తరప్రదేశ్ అనుభవం మీద చెప్పింది మరో మాట: అల్లరి దానంతటది పుట్టదు, తయారవుతుంది. సన్నాహం, నడపడం, ఆ తర్వాత వివరించడం అని దానికి దశలున్నాయి. మూడో దశే మనకు ముఖ్యం. గొడవ అయిపోయాక ‘ఎందుకు జరిగింది’ అన్న మాట మీద ఎవరు పట్టు సాధిస్తారన్నది కూడా గొడవలో భాగమే, అందులో పత్రికలూ పండితులూ కూడా పాత్రధారులే. ఈ చట్రం రంగూన్‌కు వేసేటప్పుడు జాగ్రత్త. అలీగఢ్‌లో ఏళ్ళ తరబడి మళ్ళీమళ్ళీ జరిగిన అల్లర్లను చూసి కట్టిన వాదన అది. 1930 మేకు ముందు రంగూన్‌లో అలాంటి వరుస చూపించకుండా ‘పథకం ప్రకారం’ అని రాస్తే అది ఆరోపణే అవుతుంది.

ఆశుతోష్ వార్ష్ణేయ్ ఊళ్ళను జతలుగా పోల్చారు. ఆయన జతల్లో ఒకటి హైదరాబాద్–లక్నో. రెండు మతాలవాళ్ళూ కలిసి సభ్యులుగా ఉన్న సంఘాలు, వ్యాపారాలు ఎక్కడ గట్టిగా ఉంటే అక్కడ వదంతి నిలవదన్నది వాదన. రేవుకు దీన్ని ఒకే ప్రశ్నగా మార్చుకోవచ్చు: తెలుగు, బర్మా కూలీలు ఇద్దరూ ఉన్న సంఘం ఏదైనా ఉందా, లేక ఎవరి జట్టు మేస్త్రీ వాళ్ళకేనా? మరో పరిశోధకుడు స్టీవెన్ విల్కిన్సన్‌తో కలిసి ఆయన చేసిన 1950–1995 అల్లర్ల పట్టిక టైమ్స్ ఆఫ్ ఇండియా బొంబాయి ఎడిషన్ వార్తల మీద ఆధారపడింది. ఇలాంటి పట్టికలోంచి శాతాలు తీసుకునేటప్పుడు అవి ‘పత్రికకెక్కిన అల్లర్ల’ శాతాలని చెప్పాలి. విల్కిన్సన్ విడిగా చెప్పిన ఓట్ల లెక్క వాదన (పార్టీలకు ఓట్లు కలిసొచ్చే తీరును బట్టి అల్లర్లు జరుగుతాయి, ఆగుతాయి అన్నది) ఎన్నికలున్న ప్రజాస్వామ్యానికి పనికొస్తుంది, 1930 రేవుకు బలవంతంగా తొడగకండి.

1938ని పక్కన పెట్టి చూస్తే చట్రాల విలువ ఇంకా తెలుస్తుంది. ఆ జూలైలో రంగూన్‌లో మళ్ళీ అల్లర్లయ్యాయి. బౌద్ధాన్ని కించపరిచిందన్న ఒక పుస్తకం మీద పత్రికల ప్రచారం, జూలై 26న ష్వెడగాన్ పగోడా దగ్గర సభ, ఆ తర్వాత దాడులు. ఈసారి ప్రధానంగా దెబ్బతిన్నది ముస్లింలు. ప్రభుత్వం వేసిన విచారణ సంఘం రెండు నివేదికలిచ్చింది, పత్రికల పాత్ర మీద చాలా రాసింది. 1930లో రేవు, కూలి. 1938లో మతం, పత్రిక. రెండింటినీ ‘భారతీయ వ్యతిరేక అల్లర్లు’ అని ఒకే గాటన కట్టేసే పుస్తకాలున్నాయి. కట్టడం తప్పేమీ కాదు, అయితే అలా కట్టినప్పుడు ఏది రాలిపోయిందో చెప్పాలి.

వాక్యం మరమ్మతు

ఇలాంటి వాక్యం మనకు చేతికి వచ్చేస్తుంది:

‘1930 మేలో రంగూన్‌లో భారతీయులకు, బర్మీయులకు మధ్య మతకలహాలు చెలరేగి వందలాదిమంది మృత్యువాత పడ్డారు. పరిస్థితి అదుపు తప్పడంతో పోలీసులు రంగంలోకి దిగారు.’

(ఈ విషయం మీద రాసేవాళ్ళు ‘రంగంలోకి దిగారు’ అనే పలుకుబడిని కొన్నాళ్ళు మానేయడం మంచిది.)

‘మతకలహాలు’ అలవాటు మాట, 1930 తగవు మతం మీద కాదు. ‘మధ్య’ అనడంతో ఇద్దరూ సమానంగా కొట్టుకున్నారన్న అర్థం వస్తుంది. అది రేవులో మొదటి కొట్లాటకు సరిపోవచ్చు గానీ ఆ తర్వాతి రోజులకు సరిపోదు. ‘చెలరేగి’ అన్నది మంటకు వాడే క్రియ, మంటకు కర్త ఉండడు. ‘వందలాది’కి ఆధారం లేదు. ‘మృత్యువాత పడ్డారు’ అంటే తుపానులో పోయినట్టుంది. ‘అదుపు తప్పింది’ అంటే ఎవరి అదుపు? బాగుచేస్తే ఇలా వస్తుంది:

‘1930 మే 26 ఉదయం, సమ్మె ముగించి తిరిగొచ్చిన తెలుగు కూలీలకూ, వాళ్ళ బదులు పనిచేసి ఆ ఉదయమే పని పోయిందని తెలిసిన బర్మా కూలీలకూ రేవులో కొట్లాట జరిగింది. ఆ తర్వాతి రోజుల్లో బర్మీయుల గుంపులు నగరంలో భారతీయులుండే చోట్ల మీద పడి కొట్టాయి, చంపాయి. అధికారిక లెక్క మృతులు వందకు పైచిలుకు అంటుంది.’

మాటలు కొన్ని పెరిగాయి, పెరగనివ్వండి. ఇంకో చిక్కు తెలుగుకే ఉంది. ‘ఇళ్ళు కాల్చారు’ అంటే కర్త లేకుండానే వాక్యం నిండుగా వినబడుతుంది, ఇంగ్లీషులోలా కర్మణి ప్రయోగం అక్కర్లేదు. అందువల్ల కర్త ఎగిరిపోయిన సంగతి రాసినవాడికే తెలియదు. చిత్తుప్రతి అయ్యాక ‘-ఆరు’తో ముగిసే క్రియలన్నీ ఎర్ర పెన్నుతో చుట్టండి, ఒక్కోదాని పక్కన ‘ఎవరు?’ అని రాయండి. పట్టికలో జవాబుంటే వాక్యంలో పెట్టండి. లేకపోతే ‘ఎవరన్నది నివేదికల్లో లేదు’ అని చెప్పండి. ‘బర్మీయులు చంపారు’ అనే ముందు కూడా ఆగండి. చంపింది కొందరు. కొందరు దాచారా, తలుపు తీశారా అన్నది కూడా వెతకాల్సిన గడే.

ఇళ్ళలో విన్న మాట వాడుకునేటప్పుడు మనవడు చెప్పింది మనవడి మాటగానే రాయాలి, తాత మాటగా కాదు. ఊరు పేరు, ఇంటిపేరు, కులం మూడూ కలిపి అచ్చువేస్తే మనిషి దొరికిపోతాడు, కనీసం ఒకటి తీసేయండి. అచ్చుకు ముందు వాళ్ళ భాగం వాళ్ళకు చదివి వినిపించండి. మార్చమంటే మార్చండి, తీసేయమంటే తీసేయండి.

ఇప్పుడు పేరు. పట్టిక, అంకెల వరుస, నాలుగు మొదళ్ళు బల్ల మీద పెట్టుకుని, మీ ఆధారం మోయగలిగినంత బరువున్న పేరే పెట్టండి. ‘1930 మే: రంగూన్ రేవు పని తగవు, భారతీయుల మీద దాడులు’ అన్నది పొడుగ్గా ఉంటుంది, కానీ అందులో తగవూ ఉంది, దాడీ ఉంది, రెండూ వేరని తెలుస్తుంది. ‘మారణకాండ’ అనాలంటే నిరాయుధులను వెతికి చంపారని వీధివీధినా చూపగలగాలి. లోపలి పేరాల్లో ‘మే దాడులు’ అని కుదించుకోవచ్చు. ఎడిటర్ శీర్షిక కత్తిరిస్తాడు, అది ఆయన పని. కత్తిరిస్తే ‘రంగూన్ మతకలహాలు’ అవుతుంది కాబట్టి, వ్యాసంతోపాటు ఐదు మాటలకు మించని శీర్షికలు మూడు మీరే రాసి పంపండి.